చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్ళై

శిల్పం రాతిలో నిలుస్తుంది. పద్యం తాటాకుపై నిలుస్తుంది. గానం మాత్రం గాయకుని గొంతు దాటి శ్రోత చెవిని చేరగానే గాలిలో కలిసిపోతుంది. అందుచేత సంగీతాన్ని తరువాతి తరాలకు అందించడం ఎలా అన్న ప్రశ్న ప్రతి కాలంలోనూ తలెత్తుతూనే ఉంది. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారం ఆ ప్రశ్నకు పూర్వులు ఇచ్చిన ఒక సమాధానం. తాళ్ళపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలను రాగిరేకులపై చెక్కించి అందులో భద్రపరచారు. ఆ రేకులు పాటలోని మాటను కాపాడాయి. రాగం పేరును కాపాడాయి. స్వరలిపి లేనందువల్ల అన్నమయ్య పాడిన వరుసను మాత్రం కాపాడలేకపోయాయి.

అన్నమయ్య తరువాత సుమారు నాలుగు శతాబ్దాలకు చిత్తూరు సీమలో జన్మించిన ఒక గాయకునికి ఇదే ప్రశ్న మరొక రూపంలో ఎదురైంది. ఆ గాయకుడే చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్ళై. ఆయన 1898వ సంవత్సరంలో జన్మించారు. ఆనాటికి చిత్తూరు జిల్లా ఏర్పడలేదు. చిత్తూరు పట్టణం ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రంగా ఉండేది. 1911లోనే చిత్తూరు పేరుతో ప్రత్యేక జిల్లా అవతరించింది. తెలుగు, తమిళ భాషలు కలిసి మెలిసి ఉన్న ఈ సరిహద్దు సీమ నుండి సంగీత విద్యార్థులు కంచి, మద్రాసు నగరాలకు వెళ్ళడం సహజంగా ఉండేది. దక్షిణాది సంగీతలోకంలో విద్వాంసుని పేరుకు ముందు ఊరి పేరు చేర్చే ఆచారం ఉంది. ఆ విధంగా సుబ్రహ్మణ్య పిళ్ళై వెళ్ళిన చోటికల్లా చిత్తూరు పేరు కూడా వెళ్ళింది.

ఆయన ఆశ్రయించిన గురువు కాంచీపురం నైనా పిళ్ళై (1889–1934). త్యాగరాజ కీర్తనలకు నైనా పిళ్ళై పెన్నిధి వంటివారు. తాళ విద్యలో ఆయనకు సాటి వచ్చేవారు ఆ కాలంలో అరుదు. ఆయన కచేరీలో వయొలిన్, మృదంగాలతో పాటు కంజీర, ఘటం, మోర్సింగ్, కొన్నక్కోలు వంటి లయవాద్యాలు అనేకం బారులు తీరి ఉండేవి. న్యాయస్థానంలో న్యాయమూర్తులందరూ ఒకేసారి కొలువుదీరినట్లు ఉండే ఆ కచేరీలను జనం ‘ఫుల్ బెంచ్’ కచేరీలని పిలిచేవారు. అంతమంది వాద్యకారుల నడుమ గాయకుడు తాళం తప్పకుండా నిలవడం సామాన్య విషయం కాదు. అటువంటి గురువు వద్ద సుబ్రహ్మణ్య పిళ్ళై గురుకులవాసం చేసి, ఆయన వెనుక కూర్చుండి గొంతు కలిపి, కీర్తనల సంపదనూ లయ రహస్యాలనూ సాధించుకున్నారు. తెలుగు కీర్తనలు తమిళనాట ఒక గురువు నుండి తెలుగు సీమలో పుట్టిన శిష్యునికి సంక్రమించడం ఇందులోని విశేషం.

నైనా పిళ్ళై జీవించిన కాలం గ్రామఫోను విస్తరించిన కాలం. మన దేశంలో 1902లో కలకత్తాలో ధ్వనిముద్రణ ఆరంభమైంది. కొద్ది సంవత్సరాలలోనే బెంగుళూరు నాగరత్నమ్మ వంటి దక్షిణాది గాయనుల పాటలు రికార్డులుగా వెలువడ్డాయి. కాని నైనా పిళ్ళై గానం రికార్డులకు ఎక్కలేదు. 1934లో ఆయన మరణంతో ఆ గళం శాశ్వతంగా మూగవోయింది. ఆయన కచేరీలను విన్నవారి జ్ఞాపకాలలోనూ, శిష్యుల గానంలోనూ మాత్రమే ఆ సంగీతం మిగిలింది.

శిష్యుడు వేరొక మార్గాన్ని ఎంచుకున్నారు. సుబ్రహ్మణ్య పిళ్ళై కొలంబియా సంస్థకు రికార్డులు ఇచ్చారు. ఆనాటి రికార్డు లక్కతో తయారైన నల్లని పళ్ళెం. అది నిమిషానికి 78 చుట్లు తిరిగేది. ఒక్కొక్క వైపు మూడు నాలుగు నిమిషాల గానానికి మాత్రమే చోటు ఉండేది. రాగాలాపన చేసి, కీర్తన పాడి, నెరవు, స్వరకల్పనలతో దానిని గంటసేపు విస్తరించగల విద్వాంసుడు ఆ కొద్ది నిమిషాలలో తన విద్యనంతా ఇమిడ్చి చూపవలసి వచ్చేది.

ఆ రికార్డులలో ‘మధురా నగరిలో’ అనే ఆనందభైరవి రాగంలోని పాట అసాధారణమైన ప్రజాదరణ పొందింది. చల్లనమ్మడానికి బయలుదేరిన గోపిక, దారికి అడ్డు వచ్చిన కృష్ణుని తొలగిపొమ్మని కోరడం ఆ పాటలోని విషయం. ఆనందభైరవి తెలుగువారి చెవికి చిరపరిచితమైన రాగం. సంగీత శాస్త్రం ఎరుగని సామాన్యులు కూడా ఆ పాటను ఆదరించారు. కచేరీ సభలకు వెళ్ళే అవకాశం లేనివారికి సైతం చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్ళై పేరు ఆ పాటతో పరిచయమయింది.

అయితే ఈ కీర్తిలోనే ఒక లోటు కూడా ఉంది. ఒక లలితమైన పాట విద్వాంసుని పేరుకు పర్యాయపదమైంది. ఆయన అసలు బలమైన పల్లవి గానం మరుగున పడింది. రాగం, తానం పాడిన తరువాత ఒకే ఒక వాక్యాన్ని తీసుకొని, తాళం చెదరకుండా దానిని వివిధ కాలాలలో నడిపించడం పల్లవి విధానం. అది మూడు నిమిషాల పళ్ళెంలో ఇమిడేది కాదు. ఆయన కచేరీల ధ్వనిముద్రణలు కొన్ని మిగిలి ఉన్నాయి. ప్రసిద్ధికెక్కని ఆ ముద్రణలను రసికులు సేకరించి, పరస్పరం పంచుకొని, తమ అభిప్రాయాలను చర్చించుకుంటారు. లయకు ప్రాధాన్యం పెరిగితే రాగభావం సన్నగిల్లుతుందని కొందరు భావిస్తారు. తాళపు కట్టుబాటులోనే రాగానికి గాంభీర్యం చేకూరుతుందని మరికొందరు వాదిస్తారు. పేరుపొందిన ఒక్క పాటను మాత్రమే విన్నవారికి ఈ చర్చలో పాలుపంచుకునే అవకాశం ఉండదు.

గొంతును రికార్డుకు అప్పగించినంత మాత్రాన సుబ్రహ్మణ్య పిళ్ళై తృప్తి చెందలేదు. తాను గురుముఖతః పొందిన విద్యను శిష్యులకు అందించడాన్ని ఆయన బాధ్యతగా స్వీకరించారు. అన్నామలై విశ్వవిద్యాలయంలోనూ, మద్రాసులోని కర్ణాటక సంగీత కళాశాలలోనూ బోధించారు. ఆయన శిష్యులలో మదురై సోమసుందరం (1919–1989) సుప్రసిద్ధులు. ‘మదురై సోము’గా పేరుపొందిన ఆ గాయకుడు గంటల తరబడి అలసట ఎరుగక పాడగల దిట్ట. భావావేశం నిండిన ఆయన గానం గురువు గానానికి ప్రతిబింబం కాదు. తాళం మీది పట్టు మాత్రం గురువు ఇచ్చినదే. రికార్డు పాడినదానినే మళ్ళీ పాడుతుంది. శిష్యుడు నేర్చినదానికి తనదైనదానిని జోడిస్తాడు.

ఆయన విద్వత్తును గుర్తించి మద్రాసు సంగీత అకాడమీ 1954లో సంగీత కళానిధి బిరుదుతో సత్కరించింది. కర్ణాటక సంగీత విద్వాంసులు అత్యున్నత గౌరవంగా భావించే బిరుదు అది. చిత్తూరు సీమ కీర్తిని దక్షిణ దేశమంతటా చాటిన ఆ విద్వాంసుడు 1975లో కన్నుమూశారు.

రాగిరేకు మాటను కాపాడింది, స్వరాన్ని వదిలివేసింది. లక్క పళ్ళెం స్వరాన్ని పట్టుకుంది, విస్తారాన్ని వదిలివేసింది. శిష్యపరంపర విద్యను నిలుపుతుంది; గురువు గొంతును నిలుపలేదు. ఏ ఒక్క సాధనమూ సంపూర్ణం కాదు కనుకనే సంగీతానికి ఇవన్నీ అవసరం. తన గళాన్ని రికార్డుకూ, తన విద్యను శిష్యులకూ అప్పగించిన దూరదృష్టి సుబ్రహ్మణ్య పిళ్ళైది. అవి భద్రంగా ఉన్నంత మాత్రాన చాలదు. శ్రద్ధగా వినేవారు లేనినాడు రికార్డు కూడా మూగదే. ప్రసిద్ధమైన పాట వద్దనే ఆగిపోక, దాని వెనుక మరుగున ఉన్న గానాన్ని వెదకి వినడం, విన్నదానిని గురించి ఆలోచించి నలుగురితో పంచుకోవడం, ఆ మహావిద్వాంసునికి నేటి తరం చెల్లించగల నిజమైన నివాళి.