జీతం లేని మేడమ్, జపాన్ నోరి

సుషీ చుట్టూ ఉండే నల్లటి ఆకుని యానిమేల్లో అందరం చూసే ఉంటాం. దాని పేరు నోరి. నిజానికి అది సముద్రపు నాచు. జపాన్ వాళ్లు ఇవాళ దాన్ని నమ్మకంగా పంటలా పండిస్తున్నారంటే, దాని వెనక ఒక ఇంగ్లిష్ బోటనీ మేడమ్ ఉంది. ఆవిడ ఒక్కసారి కూడా జపాన్ వెళ్లలేదు.

పేరు కాథ్లీన్ డ్రూ. 1901లో ఇంగ్లండ్‌లోని లీ అనే ఊళ్లో పుట్టింది. 1922లో మాంచెస్టర్ యూనివర్సిటీలో బోటనీ ఫస్ట్ క్లాస్‌లో పాసై అక్కడే లెక్చరర్ అయింది. మధ్యలో ఫెలోషిప్ మీద అమెరికాలోని బర్క్‌లీకి వెళ్లొచ్చింది. 1928లో హెన్రీ రైట్ బేకర్‌ని పెళ్లి చేసుకుంది. అంతే, ఉద్యోగం పోయింది! పెళ్లైన ఆడవాళ్లని ఉద్యోగంలో ఉంచుకోకూడదని అప్పట్లో ఆ యూనివర్సిటీ రూల్. పెళ్లి ఇద్దరికీ అయింది, ఉద్యోగం ఒక్కరికే పోయింది. ఇది చదివినప్పుడు నాకు చాలా కోపం వచ్చింది.

ఆవిడ మాత్రం మైక్రోస్కోప్ వదల్లేదు. ఇద్దరు పిల్లల్ని పెంచుతూ, అదే యూనివర్సిటీలో జీతం లేని రీసెర్చ్ ఫెలోగా ఏళ్ల తరబడి పనిచేసింది. ఇంజినీరింగ్ ప్రొఫెసరైన భర్త ఆవిడ కోసం ఆటుపోట్లు వచ్చే ట్యాంక్ తయారుచేసి ఇచ్చాడంటారు. మెకానికల్ బ్రాంచ్ వాళ్లూ, వింటున్నారా?

ఆవిడ పట్టుకున్న నాచు పేరు పోర్ఫైరా. నోరి కూడా ఆ కుటుంబమే. చలికాలం రాళ్ల మీద ఆకులా పెరుగుతుంది, ఎండాకాలం వచ్చేసరికి మాయం. మా భద్రాచలం అడవి అంచు ఊళ్లలో తొలకరికి పుట్టకొక్కులు వస్తాయి. మిగతా ఏడాదంతా అవి ఎక్కడుంటాయని అడిగితే ఉరుముకి పుడతాయంటారు. జపాన్ రైతులకీ నోరి విత్తనం ఎక్కడి నుంచి వస్తుందో తెలీదు. సముద్రంలో వెదురు కర్రలు పాతి, వలలు కట్టి, అదే వచ్చి అంటుకోవాలని ఎదురుచూడ్డమే. వస్తే పంట, రాకపోతే అప్పు.

కాథ్లీన్ ఆ విత్తనాల్ని ఆల్చిప్పల మీద వేసి చూసింది. అవి చిప్పని తొలుచుకుని లోపలికెళ్లి సన్నటి గులాబీ రంగు దారాల్లా పెరిగాయి. ఆ దారాలు సైన్సుకి కొత్తేమీ కాదు. కాంకోసెలిస్ అని పేరు పెట్టి, వేరే జాతి అనుకున్నారు. మన కోడింగ్ భాషలో చెప్పాలంటే రెండు పేర్లు, ఒకే ఆబ్జెక్ట్. 1949లో నేచర్ పత్రికలో ఈ సంగతి చిన్న పేపర్‌గా వచ్చింది.

క్యూషూ యూనివర్సిటీలో సోకిచి సెగావా అది చదివి, జపాన్ నోరి మీద చేసి చూస్తే అక్కడా అంతే. ఆ తర్వాత చిప్పల్లో విత్తనం పెంచి వలలకి పట్టించే పద్ధతి వచ్చింది. ఎదురుచూపులు పోయాయి.

1952లో బ్రిటిష్ ఫైకలాజికల్ సొసైటీకి ఆవిడే మొదటి ప్రెసిడెంట్. 1957లో, 55 ఏళ్లకే పోయింది. 1963లో కుమమోటో ప్రాంతంలోని ఉటోలో, సముద్రం కనిపించే చోట, ఆవిడకి రాతి స్మారకం కట్టారు. ఏటా ఏప్రిల్ 14న నోరి రైతులు అక్కడికి వచ్చి మొక్కుతారు. వాళ్లు ఆవిడని సముద్రపు తల్లి అంటారు.