ఏటి ఒడ్డున ఒక పల్లె: హార్మ్స్ పాదిరిగారి జీవితము

ధ్యానభాగములు: యోహాను 17:3; అపొ. కార్యములు 8:26-40



మిషనెరీ దొరలను గూర్చి మాటలాడునప్పుడు, వారందరు గొప్ప పట్టణములనుండియు, కలిగిన సంఘములనుండియు వచ్చిరని తలంచుట మనకు వాడుక. అది కొంతవరకే నిజము. మన తెలుగుదేశమునకు సువార్తికులను పంపిన స్థలములలో ఒకటి, మన ఎర్రకాలువ వంటి చిన్న యేటి ఒడ్డుననున్న రైతుల పల్లె. దాని పేరు హెర్మాన్స్‌బుర్గ్. ఆ పల్లెను మేలుకొలిపిన లూయీ హార్మ్స్ పాదిరిగారి జీవితమును ఈ నెల ధ్యానింతము.

ఉత్తర జర్మనీలో లూనెబుర్గ్ పట్టణమునకు దక్షిణముగా విశాలమైన ఇసుకనేల యున్నది. అక్కడ పొదలే అధికము. పూర్వము అక్కడివారు గొఱ్ఱెలు మేపుకొనుచు, తేనెటీగలు పెంచుకొనుచు, మనవైపు చోళ్లు సజ్జల వలె పేదవారి తిండియైన ముతక ధాన్యములను పండించుకొనుచు బ్రదికిరి. ఆ నేలమీదుగా ఓర్ట్‌సే అను చిన్న యేరు పారి ఆలెర్ నదిలో కలియును. ఆలెర్ వేజర్ నదిలోను, వేజర్ ఉత్తర సముద్రములోను కలియును. హెర్మాన్స్‌బుర్గ్ ఆ ఓర్ట్‌సే ఒడ్డున నున్నది. పదియవ శతాబ్దములో ఆ ప్రాంతము నేలిన హెర్మాన్ బిల్లుంగ్ అను ప్రభువు పేరట ఆ పల్లెకు ఆ పేరు వచ్చెనని చెప్పుదురు. లాండోల్ఫ్ అను సన్యాసి ఆ ప్రాంతమునకు మొదట సువార్త తెచ్చెనని ఊరివారి పూర్వకథ. ఆ తరువాత తొమ్మిది వందల సంవత్సరములు ఆ పల్లె పేరు లోకములో పెద్దగా వినబడలేదు.

లూయీ హార్మ్స్ 1808 మే 5వ తేదీన వాల్స్‌రోడే అను ఊరిలో జన్మించెను. తండ్రి పాదిరి. 1817లో తండ్రికి హెర్మాన్స్‌బుర్గ్ సంఘము అప్పగింపబడగా, తొమ్మిదేండ్ల లూయీ ఆ యేటి ఒడ్డుకు వచ్చెను. 1827 మొదలు 1830 వరకు గోట్టింగెన్ విశ్వవిద్యాలయములో వేదాంతశాస్త్రము చదివెను. ఆ దినములలో అక్కడి పండితులు మానవబుద్ధికే పెద్దపీట వేసి, బైబిలులోని అద్భుతములను కొట్టివేయుచుండిరి. ఆ బోధ వినివిని ఆ యౌవనునికి ఉన్న విశ్వాసము కూడ పోయెను. పాదిరి కుమారుడు, పాదిరి కాబోవువాడు, దేవుడున్నాడా అని సందేహించు స్థితికి వచ్చెను. అట్టి సమయమున ఒక రాత్రి యోహాను సువార్త 17వ అధ్యాయము చదువుచుండగా, మూడవ వచనము అతని హృదయమును పట్టుకొనెను. నిత్యజీవమనగా దేవుని గూర్చి వాదించుట కాదు, ఆయనను ఎరుగుటయే అని అతడు గ్రహించెను.

అటుపిమ్మట ఎల్బే నది తీరమున లాఉవెన్‌బుర్గ్‌లోను, తరువాత లూనెబుర్గ్‌లోను, ఇండ్లలో పిల్లలకు చదువు చెప్పుచు చాల యేండ్లు గడిపెను. సంఘమేదియు చేతికి రాలేదని విసుగుకొనలేదు. చెరసాలలోని ఖైదీలను, రోగులను దర్శించెను. లాఉవెన్‌బుర్గ్‌లో మిషను సహాయసంఘము నేర్పరచుటలో పాలుపొందెను. 1844లో వృద్ధుడైన తండ్రికి సహాయకుడుగా స్వగ్రామమునకు వచ్చెను. 1848లో తండ్రి మరణింపగా, 1849లో ఆ సంఘమునకు తానే పాదిరి యాయెను. అప్పుడతనికి నలువది యొక సంవత్సరము.

అతడు చేసినది క్రొత్త పద్ధతి యేమియు కాదు. ఇల్లిల్లు తిరిగెను. కుటుంబప్రార్థన నిలిపెను. ఆదివారము సాయంకాలము జనులను తన యింటికి పిలిచి, పుస్తకపు జర్మన్ భాషలో కాక, పొలములో వారు మాటలాడుకొను పల్లెయాసలోనే వాక్యమును, పూర్వుల కథలను చెప్పెను. దూరపు పల్లెలనుండి సయితము జనులు నడిచి గుడికి రాసాగిరి. మొదట ఆ పల్లె తన్ను తాను చక్కపరచుకొనెను. ఆ తరువాతనే దూరదేశముల మాట వచ్చెను.

కొందరు రైతు యువకులు మిషనెరీలుగా వెళ్లగోరిరి. వారికి పెద్ద చదువులు లేవు. లాటిను రాని కమతగాని కుమారుని ఎవరు పంపుదురు? పట్టణములలోని సొసైటీలవైపు చూచుచు కూర్చుండక, ఆ పల్లెయే వారిని తయారుచేయవలెనని హార్మ్స్ నిశ్చయించెను. 1849 అక్టోబరు 12వ తేదీన ఒక యింటిలో పండ్రెండుగురు యువకులతో మిషను పాఠశాల తెరచెను. ఆయన తమ్ముడు థియోడోర్ వారికి ఉపాధ్యాయుడు. వారు బైబిలు నేర్చుకొనుచు, పొలముపనియు చేతిపనులును చేసి తమ తిండికి కొంత తామే సంపాదించుకొనిరి. రైతులు ధాన్యము తెచ్చిరి. స్త్రీలు నూలు వడికిరి, మేజోళ్లు అల్లిరి. బేరెన్స్ అను రైతు తన భూమిని మిషనుకు ఇచ్చి, తానే మిషనెరీగా దక్షిణాఫ్రికాకు వెళ్లెను.

వారిని ఆఫ్రికాకు చేర్చుటకు ఓడ కావలసివచ్చెను. సముద్రము కంటికి కనబడని ఆ ఇసుకనేల పల్లెవారు సొంతముగా ఓడ కట్టించిరి. హార్‌బుర్గ్ రేవులో తయారైన ఆ ఓడకు, అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయములోని ఐతియొపీయుల రాణి పేరట కందాకే అని పేరు పెట్టిరి. 1853 అక్టోబరులో ఎనిమిదిమంది మిషనెరీలును, వారితోకూడ అక్కడ స్థిరపడి పనిచేయదలచిన ఎనిమిదిమంది పనివారును ఆ ఓడలో బయలుదేరిరి. తూర్పు ఆఫ్రికాలోని గల్లా జనులయొద్దకు వెళ్లుట వారి సంకల్పము. నేడు ఆ జనులను ఒరోమోలు అందురు. అయితే ఆ తీరమున వారికి ప్రవేశము దొరకలేదు. యేండ్ల తరబడి ప్రార్థించి, ఓడ కట్టి, చేరి, తలుపు మూయబడి యుండుట చూచిన వారి మనస్సు ఎట్లుండునో యోచించుడి. వారు వెనుకకు మరలలేదు. దక్షిణముగా నాటాల్‌కు వెళ్లి, 1854లో జూలూ జనుల మధ్య తమ ఊరి పేరటనే హెర్మాన్స్‌బుర్గ్ అను గ్రామమును స్థాపించిరి.

అదే 1854లో హార్మ్స్ మిషను పత్రిక నారంభించెను. సంవత్సరమునకొకసారి మిషను పండుగ జరుగగా, నలుదిక్కులనుండి జనులు బండ్లమీదను కాలినడకను వచ్చెడివారు. ఆయన వివాహము చేసికొనలేదు. శరీరము ఎప్పుడును బలహీనమే. ఊపిరాడని వ్యాధితో బాధపడుచునే ప్రసంగించెను, ఉత్తరములు వ్రాసెను.

ఇక మన దేశము మాట. జర్మనీలో పుట్టిన హయ్యర్ అయ్యగారు అమెరికానుండి 1842లో గుంటూరు చేరిన సంగతి మనలో ననేకు లెరుగుదురు. హెర్మాన్స్‌బుర్గ్ పల్లె పంపినవారు దక్షిణపు తెలుగు సీమకు వచ్చిరి. పూర్వము తమిళదేశములో లైప్‌జిగ్ మిషనులో పనిచేసిన ఆగస్టు మైలియస్ అయ్యగారు 1865లో సూళ్లూరుపేట ప్రాంతమున పని ఆరంభించెను. నాయుడుపేట, గూడూరు, శ్రీకాళహస్తి, తిరుపతి మొదలగు స్థలములకు ఆ పని వ్యాపించెను. ఆ 1865వ సంవత్సరమే నవంబరు 14వ తేదీన, తన యేబది యేడవ యేట, హార్మ్స్ ప్రభువునందు నిద్రించెను. తెలుగు సంఘము పెరుగుట ఆయన చూడలేదు. విత్తిన చేయి వేరు, కోసిన చేయి వేరు.

1914లో మొదటి ప్రపంచయుద్ధము రాగా జర్మను మిషనెరీల పని ఆగిపోయెను. అమెరికాలోని ఒహాయో లూథరనులు దానిని చేపట్టిరి. ఆ పంటయే దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘము. అక్కడ హెర్మాన్స్‌బుర్గ్ పల్లెకును కష్టములు తప్పలేదు. 1878లో వివాహక్రమమును గూర్చిన వివాదమువలన థియోడోర్ హార్మ్స్ ప్రభుత్వసంఘమును విడువగా, ఒకే పల్లెలో రెండు సంఘము లాయెను. మేలుకొన్న పల్లె సయితము చీలిపోగలదు. దీనిని దాచవలసిన పనిలేదు, దీనినుండి నేర్చుకొనవలెను. 2015లో ఆ ఊరు ప్రక్క ఊరితో కలిసి జ్యూడ్‌హైడే అను గ్రామపరిపాలన క్రిందికి వచ్చెను. ఏరు మాత్రము అట్లే పారుచున్నది.

ప్రియులారా, ఈ చరిత్ర మనలను ఒక ప్రశ్న అడుగుచున్నది. మన పల్లె సంఘములు చాలకాలము పుచ్చుకొనుటకే అలవాటుపడినవి. గుడి గోడ బీటలువారినను, పాదిరిగారి జీతము చాలకపోయినను, బయటినుండి ఎవరైన పంపుదురేమో అని చూచుచుందుము. జంగారెడ్డిగూడెము దాటి బుట్టాయగూడెము, పోలవరము కొండలవైపు వెళ్లినయెడల కోయవారి గూడెములు, కొండరెడ్ల గూడెములు ఉన్నవి. వారి మాట నేర్చుకొని, వారి పిల్లలకు అక్షరములు చెప్పి, జ్వరము వచ్చినవాని ప్రక్కను కూర్చుండు యౌవనుని మన సంఘములలో ఏది పంపినది? మనము చిన్నవారమందుమా? ఇసుకలో గొఱ్ఱెలు మేపుకొను పల్లె మనకంటె గొప్పది కాదు.

మన యిండ్లలో తల్లులు వంటకు ముందు పిడికెడు బియ్యము దేవునికని తీసిపెట్టు ఆచారమున్నది. ఆ పిడికెడు చిన్నది కాదు. ఊరంతయు పెట్టినయెడల దానితో ఒక మనుష్యుని పోషింపవచ్చును. అయితే హార్మ్స్ నడచిన వరుసను మరువకుడి. మొదట యింటిలో ప్రార్థన, పొరుగువానితో సమాధానము, తరువాత పంపుట. ఈ నెల ప్రతి కుటుంబము యోహాను 17వ అధ్యాయమును కలిసి చదివి, మనము ఎవరిని పంపగలమో ప్రభువునెదుట ఆలోచించునుగాక.

ప్రార్థన: ప్రభువా, ఎరుగని పల్లెలో ఎరుగని జనులు మా కొరకు మోకరించిరి. మేమును ఇతరుల కొరకు మోకరించునట్లు మాకు కృప దయచేయుము. ఆమేన్.