బ్రాకెట్లతో పని లేదన్న యాన్ వుకాషేవిచ్

సి లాంగ్వేజ్ నేర్చుకునే ప్రతి విద్యార్థికీ మొదట్లో ఎదురయ్యే చిక్కు ఆపరేటర్ల వరుస. 2 + 3 * 4 విలువ 20 అని రాసి మార్కులు పోగొట్టుకున్నవాళ్ళు మనలో ఎందరో! గుణకారం ముందు, కూడిక తర్వాత. కాబట్టి జవాబు 14. కూడికే ముందు జరగాలంటే బ్రాకెట్లు పెట్టాలి. ఈ నియమాలు, బ్రాకెట్లు లేకుండానే వరుసను స్పష్టంగా చెప్పవచ్చని చూపిన మేధావి యాన్ వుకాషేవిచ్.

ఆయన 1878 డిసెంబరు 21న, నేటి ఉక్రెయిన్‌లోని లివివ్ నగరంలో, పోలండ్ జాతీయుల కుటుంబంలో జన్మించారు. 1902లో అక్కడి విశ్వవిద్యాలయంలోనే డాక్టరేట్ పొందారు. 1915లో వార్సా విశ్వవిద్యాలయంలో అధ్యాపకులుగా చేరారు. 1919లో పోలండ్ విద్యామంత్రిగా పనిచేశారు. తర్వాత రెండుసార్లు వార్సా విశ్వవిద్యాలయానికి రెక్టరు అయ్యారు.

1924లో తర్కశాస్త్ర సూత్రాల కోసం ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. గుర్తును మధ్యలో కాకుండా ముందు రాయడమే ఆ ఆలోచన. దాన్ని మన లెక్కకు వర్తింపజేస్తే + 2 * 3 4 అంటే 14. * + 2 3 4 అంటే 20. బ్రాకెట్ ఒక్కటీ లేదు, గుర్తు ఉన్న చోటే వరుసను చెబుతుంది. దీనికి ఆయన దేశం పేరుతో పోలిష్ నొటేషన్ అని పేరు వచ్చింది.

1939 సెప్టెంబరులో జర్మనీ బాంబు దాడిలో ఆయన ఇల్లు, పుస్తకాలు, రాతప్రతులు నాశనమయ్యాయి. జర్మన్లు విశ్వవిద్యాలయాన్ని మూసివేస్తే, ఆయన రహస్య తరగతుల్లో పాఠాలు చెప్పారు. 1944లో భార్యతో వార్సా విడిచారు. 1946లో ఐర్లండ్ ఆశ్రయమిచ్చింది. రాయల్ ఐరిష్ అకాడమీ ఆయనను ప్రొఫెసర్‌గా నియమించింది. స్వదేశానికి తిరిగి వెళ్ళకుండానే 1956 ఫిబ్రవరి 13న డబ్లిన్‌లో కన్నుమూశారు.

ఆ తర్వాత కంప్యూటర్ శాస్త్రజ్ఞులు ఆయన పద్ధతిని తిరగేసి, గుర్తును చివర రాసి విరివిగా వాడుకున్నారు. 2 3 4 * + అని ఇస్తే యంత్రం అంకెలను మన మెస్‌లో ప్లేట్ల దొంతరలా పేరుస్తుంది. * రాగానే పైనున్న 4, 3 తీసి 12 పెడుతుంది. + రాగానే 12, 2 తీసి 14 పెడుతుంది. ఈ దొంతర పేరే స్టాక్. 1972లో వచ్చిన హెచ్‌పి-35 కాలిక్యులేటర్ ఈ పద్ధతిలోనే పనిచేసింది. మనం రాసిన లెక్కను జావా కంపైలర్ కూడా ఇలాంటి వరుసలోకే మారుస్తుంది.

మిత్రులారా! బాంబులు ఆయన రాతప్రతులను కాల్చగలిగాయి గాని, విద్యార్థులకు అప్పటికే నేర్పిన చదువును కాల్చలేకపోయాయి. రేపు ల్యాబ్‌లో బ్రాకెట్ తప్పిపోయి ఎర్రర్ వచ్చినప్పుడు ఆయనను ఒక్కసారి తలచుకుందాం.