క్షతగాత్రుల బంధువు — డొమినిక్ లారే

గాయపడినవాడు వైద్యుని వద్దకు రావలెనా, వైద్యుడే అతని వద్దకు వెళ్ళవలెనా? ఈనాడు ఈ ప్రశ్నకు సమాధానం పసివానికైనా తెలుసు. కాని రెండు శతాబ్దాల క్రితం సైన్యపు నిబంధనలు మొదటి పక్షమే వహించినవి. ఆ నిబంధనలను మార్చిన ఫ్రెంచి శస్త్రవైద్యుడు డొమినిక్ జీన్ లారే జీవితాన్ని విద్యార్థుల ముందుంచుట మా ఉద్దేశం.

లారే 1766 జూలై 8న పిరనీస్ పర్వతాలలోని బోదియాన్ గ్రామంలో జన్మించినాడు. తండ్రి చెప్పులు కుట్టి జీవించే సామాన్యుడు. పదమూడవ ఏట అనాథయైన బాలుని తులూజ్‌లో శస్త్రవైద్యుడైన పినతండ్రి చేరదీసి, తన విద్యనే నేర్పినాడు. పిదప పారిస్‌లో పేరెన్నికగన్న దెసో వద్ద అతడు శిష్యరికం చేసినాడు.

1792లో రైన్ సైన్యంలో చేరిన లారేకు ఒక ఘోరం కనిపించినది. వైద్యశకటాలు యుద్ధరంగానికి ఒక లీగు, అనగా సుమారు నాలుగు కిలోమీటర్ల దూరాన నిలువవలెనన్నది నాటి నియమం. పోరు ముగిసినగాని అవి కదలవు. ఒక్కొక్కసారి ఇరవైనాలుగు గంటలు దాటినా సహాయం అందక, బ్రతుకవలసినవారు సైతం రక్తస్రావంతో మరణించేవారు. శరవేగంతో కదలే అశ్వ ఫిరంగి దళాన్ని చూచి ఆయన యోచించినాడు. చంపుటకు గుండ్లు అంత వేగంగా పోగా, బ్రతికించుటకు బండ్లు ఎందుకు పోరాదు?

ఆ యోచన నుండి పుట్టినదే ‘ఎగిరే ఆంబులెన్సు’. సమతల భూమిపై రెండు గుర్రాలు లాగే రెండు చక్రాల బండి. దానిలో ఇద్దరు పడుకొనవచ్చును. కొండ ప్రాంతాలకు నాలుగు చక్రాల పెద్దబండి. లోపల మెత్తని పరుపు, గాలికి కిటికీలు. 1797లో ఇటలీలో ఆయన 340 మందితో మూడు విభాగాల వైద్యదళాన్ని కూర్చినాడు. ఒక్కొక్క విభాగానికి పన్నెండు తేలిక బండ్లు, నాలుగు బరువు బండ్లు. ఈజిప్టు ఎడారిలో బండ్లు నడువనందున ఒంటెలకు ఇరువైపులా పెట్టెలు కట్టించినాడు.

ఆయన విధించిన నియమాలలో మకుటాయమానమైనది ఒకటి. తీవ్రంగా గాయపడినవారికి ముందు చికిత్స జరుగవలెను. హోదా గాని, స్వపక్ష పరపక్ష భేదం గాని చూడరాదు. సేనాపతి వేలికి తగిలిన గాయం కంటె, శత్రుసైనికుని తెగిన కాలే ముందు. రాచరికపు ఐరోపాలో ఇది సామాన్యమైన మాట కాదు.

1813లో ఆయనకు మరొక పరీక్ష ఎదురైనది. చేతులకు గాయాలైన యువసైనికులు, యుద్ధం తప్పించుకొనుటకు తమను తామే గాయపరచుకొన్నారని నిందింపబడినారు. నేరం రుజువైనచో మరణదండన తప్పదు. నెపోలియన్ కూడ ఆ నిందను నమ్మినాడు. లారే 2,600 మందికి పైగా పరీక్షించి, వెనుక వరుసలోని అనుభవం లేని సైనికుల తుపాకులే ముందువారి చేతులకు తగిలినవని తేల్చి, అందరూ నిర్దోషులని నివేదించినాడు. చక్రవర్తి అభిమతానికి విరుద్ధమైన ఆ సత్యాన్ని చెప్పుటకు ఆయన వెనుదీయలేదు. చక్రవర్తియు తుదకు అంగీకరించినాడు.

1815లో వాటర్లూ వద్ద ప్రష్యన్లకు చిక్కి కాల్చివేతకు గురికానున్న తరుణంలో, ఒకనాడు ఆయన ఉపన్యాసాలు విన్న జర్మన్ వైద్యుడొకడు ఆయనను గుర్తించినాడు. ప్రష్యన్ సేనాని బ్లూహర్ కుమారునికి పూర్వం చికిత్స చేసి బ్రతికించినదీ లారేయే. శత్రువుకు చేసిన మేలు ఆనాడు ఆయన ప్రాణం నిలిపినది. 1842 జూలై 25న లియోన్ నగరంలో ఆయన కన్నుమూసినాడు.

2005 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవ ఆరంభమైనది. ఆ బండి కూత విని దారి ఇచ్చునప్పుడు, లోపల నున్నవాడు ధనికుడా పేదయా, ఏ మతస్థుడని మనమెవరమూ అడుగము. ఆ అడుగకపోవుటయే లారే మనకు విడిచిన ఆస్తి. వైద్యులు కాగోరు మా విద్యార్థులేకాక, దారిన పోవు ప్రతివారూ దానికి వారసులని మేము తలంచుచున్నాము.