పప్పూరు రామాచార్యులు గారు – అనంతపురం నుంచి ఒక వారపత్రిక

జూబ్లీ సంచికలో మన జిల్లా పాత్రికేయుల్లో ఒకరి గురించి వ్యాసం ఉండాలి అన్నప్పుడు ఎక్కువమంది విద్వాన్ విశ్వం గారి పేరు చెప్పారు. సహజమే. తరిమెలలో పుట్టి, ఆంధ్రప్రభ వారపత్రికకు సంపాదకుడై, ‘పెన్నేటి పాట’ రాసిన మనిషిని మనం మరచిపోలేం. అయితే విశ్వం గారు కుర్రతనంలో పత్రికా రచన నేర్చుకున్న చోటు మన అనంతపురంలోనే ఉండేది. అదే శ్రీ సాధన పత్రిక. దాన్ని నడిపినవారు పప్పూరు రామాచార్యులు గారు. మా తరానికి ఆయన పేరు తెలుసు, పని తెలియదు. మన పిల్లలకు పేరు కూడా తెలియదు. అందుకని నేను ఆయన్నే ఎంచుకున్నాను.

ఆయన కంటే ముందే ఈ గడ్డ మీద వార్త రాయడం అంటే ఏమిటో చూపినవారు ఒకరున్నారు. గుత్తిలో ఉండి మద్రాసు హిందూ పత్రికకు వార్తలు పంపిన కేశవ పిళ్ళె గారు. 1893లో గుంతకల్లు రైల్వే గేటు దగ్గర, సోల్జర్ల బారి నుంచి ఇద్దరు ఆడవాళ్ళను కాపాడబోయి గేట్‌మన్ హంపన్న తుపాకి గుండుకు బలయ్యాడు. నిందితుడైన తెల్ల సైనికుణ్ణి కోర్టు వదిలేసింది. కేశవ పిళ్ళె గారు ఆ సంగతిని వదలలేదు. గుత్తిలో హంపన్న స్మారకం ఇప్పటికీ ఉంది. ఒక గేట్‌మన్ పేరు నూటముప్పై ఏళ్ళ తర్వాత కూడా మనకు తెలుస్తోందంటే కారణం, అప్పుడు దగ్గర్లో రాసేవాడు ఒకడు ఉండడమే.

ఈ సంఘటన జరిగిన మూడేళ్ళకు, 1896లో, రామాచార్యులు గారు పుట్టారు. సంస్కృతం, తెలుగు బాగా చదువుకున్న కుటుంబ వాతావరణం. కవిత్వం కూడా రాశారు. కానీ ఆయన చేయి తిరిగింది వచనంలో. ఆయన ఇరవయ్యో పడిలో ఉన్నప్పుడు అనంతపురం యువకులు కొందరు కలిసి ‘వదరుబోతు’ పేరుతో వ్యాసాలు రాశారు. ఇంగ్లండులో రెండు వందల ఏళ్ళ క్రితం వచ్చిన టాట్లర్, స్పెక్టేటర్ పత్రికల తోవలో, ఏ వ్యాసం ఎవరిదో చెప్పకుండా, మన ఆచారాలనూ మన డాంబికాలనూ నవ్వుతూ గిల్లే వ్యాసాలు అవి. తర్వాత పుస్తకంగా వచ్చాయి. రామాచార్యులు గారు ఆ బృందంలో ముఖ్యులు. తెలుగులో వ్యాసం ఎలా పెరిగిందో చెప్పేవాళ్ళు సాధారణంగా కృష్ణా, గుంటూరు, గోదావరి దాటి రారు. ఆ రోజుల్లో కరువు జిల్లా కేంద్రంలో ఇంత హాస్యం పండిందంటే వాళ్ళకు ఆశ్చర్యమే.

శ్రీ సాధన 1926లో మొదలైంది. అప్పటికి అనంతపురం చిన్న ఊరు. సాలుకు సగటున యాభై అయిదు సెంటీమీటర్ల వాన పడే జిల్లా, అదీ సక్రమంగా పడితే. చదువుకున్నవాళ్ళు తక్కువ, వాళ్ళలో చందా కట్టేవాళ్ళు ఇంకా తక్కువ. వేరుశనగ పోతే చందా కూడా పోయినట్టే. అలాంటి చోట వారం వారం పత్రిక తేవడం అంటే ఏమిటో యంత్రాల మనిషిగా నేను కొంచెం ఊహించగలను. అప్పుడు అక్షరాలన్నీ సీసపు ముక్కలు. గుణింతానికొకటి, ఒత్తుకొకటి. కంపోజిటరు ఒక్కొక్క దాన్ని గళ్ళలోంచి ఏరి, తలకిందుల వరసలో పేర్చాలి. ప్రూఫు చూడాలి, అచ్చు వెయ్యాలి, వేశాక మళ్ళీ ఒక్కొక్క అక్షరాన్ని దాని గడిలోకి చేర్చాలి. అప్పుడుగానీ వచ్చే వారం పేజీకి టైపు ఉండదు. ఇంత కష్టపడి అచ్చేసిన దానిలో తాలూకా కచేరీ వార్త, సంత వార్త, చెరువు తెగిన వార్త, కాంగ్రెసు సభ వార్త ఉండేవి. మద్రాసు దినపత్రికలకు ఇవి వార్తలు కావు. మనకు ఇవే బతుకు.

పెద్ద విషయాలు కూడా ఉండేవి. 1800లో నిజాం మన ప్రాంతాన్ని కుంపిణీకి ఇచ్చేసినప్పటి నుంచి మనల్ని దత్త మండలాలు అనేవారు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన ఊళ్ళు అన్నమాట. కాలేజీ పేరు కూడా దత్త మండల కళాశాలే. 1928 నవంబరులో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగింది. దానితో పాటే కడప కోటిరెడ్డి గారి అధ్యక్షతన దత్త మండలాల సమావేశం కూడా జరిగింది. అనంతపురం కాలేజీలో తెలుగు చెప్పే చిలుకూరి నారాయణరావు గారు అక్కడ రాయలసీమ అనే పేరు సూచించారు. ఆ పేరు నిలవడంలో రామాచార్యులు గారి పాత్ర కూడా ఉంది. సభ వార్తను తన పత్రికలో అచ్చు వేసినవారూ ఆయనే.

ఈ చివరి మాటను తేలిగ్గా తీసుకోవద్దు. ఆ పేరు పెట్టింది గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారని చాలాకాలం అందరూ రాశారు, మనం కూడా అలాగే విన్నాం. గాడిచర్ల వారు మహానుభావులు, అందులో సందేహం లేదు. కానీ ఆ ఘనత చిలుకూరి వారిదని పరిశోధకులు తేల్చగలిగారంటే, అది 1928 నాటి శ్రీ సాధన సంచికలో ఉన్న వార్త ఆధారంగానే. మా శాఖలో ఒక మాట ఉంది, ఫైలులో లేని పని జరగని పని కిందే లెక్క అని. మన సీమ పేరుకే ఒక జిల్లా వారపత్రిక ఫైలు అయింది.

తర్వాత స్వాతంత్ర్యోద్యమం. రామాచార్యులు గారు జైలుకు వెళ్ళారు. 1930 తర్వాత ప్రెస్ ఆర్డినెన్సులు వచ్చి, చిన్న పత్రికల నెత్తిన జామీను సొమ్ము అనే కత్తి వేలాడింది. రాసింది నచ్చకపోతే ఆ సొమ్ము జప్తు. పెద్ద పత్రికలు తట్టుకునేవి, జిల్లా పత్రికలు మూతపడేవి.

1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి ఇంట్లో శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. సంతకాలు చేసిన సీమ నాయకుల్లో రామాచార్యులు గారొకరు, మన జిల్లా నుంచే కల్లూరు సుబ్బారావు గారు మరొకరు. పంతులు గారు ఆంధ్రపత్రిక స్థాపకులు. అంటే పత్రికాధిపతి ఇంట్లో కూర్చుని ఒక జిల్లా సంపాదకుడు సీమ హక్కులకు సంతకం పెట్టాడు. అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం ఉండాలి, రాజధాని హైకోర్టుల్లో ఒకటి ఎక్కడుండాలో సీమ కోరుకోవాలి అని అందులో ఉంది. నావంటి నీటిపారుదల ఇంజనీరుకు ముఖ్యమైన షరతు ఇంకొకటి. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ళలో పదేళ్ళు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, సీమకు ముందు వాటా. తుంగభద్ర ఆనకట్టకు 1945లో శంకుస్థాపన జరిగింది, 1953లో నీళ్ళు వదిలారు. ఎగువ కాలువ ద్వారా మన రాష్ట్రానికి 32.5 టీఎంసీలు రావాలి. 133 టీఎంసీలకు కట్టిన జలాశయంలో పూడిక చేరి ఇప్పుడు సుమారు 105 మాత్రమే నిలుస్తోంది. ఏ సంవత్సరం ఎంత వచ్చిందో మన రైతులను అడగండి. 1953లో రాజధాని కర్నూలుకు వచ్చింది, మూడేళ్ళకే వెళ్ళిపోయింది. విశ్వవిద్యాలయం 1981లో వచ్చింది. అప్పటికి రామాచార్యులు గారు లేరు.

1955 ఎన్నికల్లో ఆయన ధర్మవరం నుంచి కాంగ్రెసు తరఫున శాసనసభకు వెళ్ళారు. ఇక్కడ నాకు ఒక ఇబ్బంది ఉంది, దాచను. ఈరోజు ఉత్తమ పాత్రికేయుడి ఎంపికకు ఒక కమిటీ వేస్తే, పార్టీలో ఉండి పత్రిక నడిపినవారిని మొదటి వడపోతలోనే తీసేస్తారు. అలా తీసేయడం తప్పనీ అనను. కానీ ఆయన కాలంలో జిల్లా పత్రికను జీతానికి నడిపేవాళ్ళు లేరు. నమ్మకం ఉన్నవాడు నడపాలి, లేదా పత్రిక ఉండదు. చూడవలసింది వేరే ఉందని నా ఉద్దేశం. తన పార్టీ అయినా కాకపోయినా, జరిగిన సభ తేదీ, మాట్లాడినవాడి పేరు, తీర్మానం ఎవరిదో సరిగ్గా రాశాడా లేదా? నంద్యాల సంగతిలో పరీక్ష జరిగింది, పత్రిక నెగ్గింది. పేరు ప్రతిపాదించిన ఘనతను సంపాదకుడు తన ఖాతాలో వేసుకోలేదు.

1972లో ఆయన కన్నుమూశారు. విశ్వం గారు ఆ తర్వాత మరో పదిహేనేళ్ళు ఉన్నారు. ఒక జిల్లా పత్రిక ఎంత మంచిదో, అక్కడ పని నేర్చుకుని బయటికి వెళ్ళినవాళ్ళను చూసినా తెలుస్తుంది.

ప్రెస్ అకాడమీ వారు పాత తెలుగు పత్రికలను స్కాన్ చేసి పెట్టిన వరుసలో శ్రీ సాధన సంచికలు కూడా ఉన్నాయి. కాగితం పసుపుపచ్చగా మారి అంచులు రాలినా, వార్తలు చదువుకోవచ్చు. మన పూర్వ విద్యార్థుల్లో ధర్మవరం, తాడిపత్రి, కళ్యాణదుర్గం, హిందూపురం వైపు పాత ఇళ్ళున్నవాళ్ళు చాలామంది. ఇల్లు పడగొట్టి కొత్తది కట్టేటప్పుడు తాతల ట్రంకు పెట్టె పాత పేపర్లవాడికి వేసే ముందు ఒకసారి తెరిచి చూడండి. శ్రీ సాధన అని పేరున్న కాగితం ఒక్కటి కనిపించినా మడతపెట్టకుండా జిల్లా గ్రంథాలయానికి చేర్చండి, లేదా మన సంఘం కార్యాలయంలో ఇవ్వండి. తీసుకెళ్ళి స్కాన్ చేయించే పని నాది.