డాక్టరు అలెక్సిస్ కారెల్

పశువును వధింపక, దాని కణములను పాత్రలలో పెంచి మాంసముగా చేయు విద్య నేడు కలదు. 2020లో సింగపూరు ప్రభుత్వము అట్టి కోడిమాంసమును అమ్ముటకు అనుమతి నిచ్చెను. ఈ విద్యకు త్రోవ చూపినవారిలో ఒకడైన కారెల్ చరిత్రను మా విద్యార్థులకు చెప్పదలచితిమి.

అతడు 1873 జూన్ 28వ తేదీన ఫ్రాన్సు దేశమున, పట్టునేతకు పేరొందిన లియాన్ నగరము చెంత జన్మించెను. బాల్యముననే తండ్రి గతించెను. 1894లో ఫ్రెంచి అధ్యక్షుడు సాడీ కార్నో ఆ నగరమున కత్తిపోటు తగిలి మరణించెను. తెగిన పెద్ద రక్తనాళమును కుట్టు నేర్పు నాటి వైద్యులకు లేదు. అచట వైద్యము నేర్చుచున్న కారెల్ మనస్సున ఇది నాటుకొనెను. అతడు అల్లికపనిలో ఆరితేరిన ఒక స్త్రీ యొద్ద సన్నని సూదిని, పట్టుదారమును వాడు విధము నేర్చుకొనెను. చదువుకొన్నవానికి కుట్టుపని యేల యని అతడు సిగ్గుపడలేదు. రక్తనాళములను కుట్టు ఆ నేర్పే 1912లో అతనికి నోబెల్ బహుమానమును తెచ్చెను.

ఆ యేటనే, జనవరి 17వ తేదీన, న్యూయార్కులోని రాక్‌ఫెల్లరు పరిశోధనాలయమున, అతడు కోడిపిండపు గుండెనుండి చిన్న తునకను తీసి గాజుపాత్రలో నుంచెను. దానికి కోడిపిండముల రసమే ఆహారము. గుండె కొట్టుకొనుట కొంతకాలమునకు ఆగిపోయెను గాని, కణములు మాత్రము విభజన చెందుచునే యుండెను. సహచరుడైన ఎబెలింగ్ వానిని 1946 వరకు పోషించెను. ముప్పదినాలుగేండ్లు! కోడి అంతకాలము బ్రతుకునా? కణమునకు సహజముగా మరణము లేదని లోకము నమ్మెను. తమ పాత్రలలో కణములు చచ్చినప్పుడు ఇతర శాస్త్రజ్ఞులు తమ చేతిలోనే లోపమున్నదని తలంచిరి.

కారెల్ కీర్తికి మచ్చయు కలదు. దానిని దాచుట మాకు సమ్మతము కాదు. 1935లో వెలువరించిన గ్రంథమున అతడు కొందరు నేరస్థులను, నేరము చేసిన ఉన్మాదులను వాయువుతో చంపుట మేలని వ్రాసెను. 1941లో, జర్మనులకు లొంగిన విషీ ప్రభుత్వము స్థాపించిన సంస్థకు అధిపతి యయ్యెను. 1944 నవంబరు 5వ తేదీన పారిస్ నగరమున మరణించెను.

1961లో అమెరికాలో హేఫ్లిక్, మూర్‌హెడ్ అను ఇరువురు మానవకణములను పెంచి చూచిరి. అవి సుమారు ఏబదిమారులు రెట్టింపై, అంతట నిలిచిపోయెను. మరి కారెల్ కణములు అన్నియేండ్లు ఎట్లు నిలిచెను? పోషణకై పోసిన పిండరసముతోపాటు క్రొత్త కణములు పాత్రలో చేరియుండవచ్చునని హేఫ్లిక్ ఊహించెను. ఆ ప్రయోగము మరల ఎవరికిని సిద్ధింపలేదు.

మాంసము పెంచువారికి ఈ హద్దే పెద్ద చిక్కు. ఒక కణము నలుబదిమారులు రెట్టింపైన లక్ష కోట్లకు మించును. విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును. అది సుమారు ఒక కిలో. మరి పదిమారులు రెట్టింపైన ఒక టన్ను. అంతలో హద్దు వచ్చును. కావున హద్దును దాటు కణములకై వారు వెదకుచున్నారు. చిత్రమేమనగా, కోడికణములలో కొన్ని, జన్యువులను మార్చకయే, చిరకాలపు పెంపకములో తమంత తామే ఆ హద్దును దాటుచున్నవని 2022లో ప్రకటితమైన పరిశోధన చూపినది.