నేలలో దొరికిన కిరీటాలు

పోయిన సెమిస్టర్‌లో మా బ్యాచ్ మినీ ప్రాజెక్టు మెటల్ డిటెక్టర్. రాగి తీగ చుట్టిన ఒక కాయిల్, చిన్న సర్క్యూట్, ఒక బజర్. అంతే. టెస్టింగ్ కోసం చిత్తూరు పక్కనున్న మా ఊరి తిరునాళ్ల మైదానానికి ఎత్తుకెళ్ళాం. ఒక్క పాత అణా నాణెమైనా దొరక్కపోతుందా అని ఆశ. సాయంత్రం దాకా బజర్ మోగుతూనే ఉంది, మేం తవ్వుతూనే ఉన్నాం. దొరికినవన్నీ తుప్పు పట్టిన సోడా మూతలే!

(ఇది చదివి చంద్రగిరి కోటకు డిటెక్టర్ పట్టుకుని పోయేరు. రక్షిత కట్టడాల దగ్గర అనుమతి లేకుండా తవ్వడం నేరం.)

మట్టి కడిగి చూస్తే ఒక మూత లోపల ప్లాస్టిక్ పొర లేదు. నల్లబడిన బిరడా ముక్క అతుక్కుని ఉంది. బిరడా ఉంటే పాతది, ప్లాస్టిక్ ఉంటే తర్వాతది. అంచున ఉండే పళ్ళు కూడా లెక్కపెట్టాలి. మొదట్లో ఈ మూతకు 24 పళ్ళు ఉండేవి, ఇప్పుడు 21. ఇట్లా వెతుకుతూ పోతే, ఆ మూత వెనక ఉన్న మనిషి దొరికాడు. ఆయనే విలియం పెయింటర్.

పెయింటర్ 1838 నవంబర్ 20న అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో, ట్రయడెల్ఫియా అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. వాళ్ళది క్వేకర్ కుటుంబం. మనలాగా నాలుగేళ్ళ ఇంజనీరింగ్ ఏమీ చదవలేదు. కుర్రతనంలోనే విల్మింగ్టన్‌లో ఒక తోలు ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. ఇరవై ఏళ్ళకే రైలు సీటుకు ఒక పేటెంట్ తెచ్చుకున్నాడు. ఆ తర్వాత దొంగ నాణేలను పట్టే పరికరం కూడా చేశాడు. నాణేల కోసం తవ్విన మాకు ఆ సంగతి చదివి నవ్వొచ్చింది.

1865లో బాల్టిమోర్ నగరం చేరి ఒక మెషిన్ షాపులో ఫోర్‌మన్ అయ్యాడు. అక్కడ పంపులు, యంత్రాలు, కవాటాల మధ్య ఏళ్ళు గడిచాయి. జీవితం మొత్తంలో ఆయన పేరు మీద 85 పేటెంట్లు. అయితే ఆయన్ని నిలబెట్టింది మాత్రం రూపాయి బిళ్ళంత మూత.

ఆ రోజుల్లో సోడా, బీరు సీసాల బాధ అంతా మూతలదే. లోపలి గ్యాస్ బయటికి తంతుంది. బిరడా కొడితే ఎగిరిపోతుంది, తీగ కడితే తుప్పు పడుతుంది, రబ్బరు పెడితే వాసన వస్తుంది. ఒకే మూతను మళ్ళీ మళ్ళీ వాడితే శుభ్రంగా ఉండదు. ఇంగ్లండులో హైరం కాడ్ అనే ఆయన 1872లో దీనికి ఒక ఉపాయం పేటెంట్ చేశాడు. సీసా మెడలో గాజు గోలీ, పైన రబ్బరు రింగు. గ్యాస్ ఒత్తిడే గోలీని పైకి నెట్టి సీసాను మూసేస్తుంది. అవును, మన గోలీ సోడానే! తమాషా ఏమిటంటే కాడ్ కూడా పుట్టింది 1838లోనే.

ఒకే ఏడు పుట్టిన ఇద్దరు, ఒకే సమస్య, రెండు దారులు. కాడ్ గోలీ సీసాలోనే ఉండిపోతుంది. తాగేసి సీసాను అంగట్లో ఇచ్చి రావాల్సిందే. పెయింటర్ మూతను తీశాక పారేయడమే. 1885లోనే ఆయన ఒక్కసారి వాడి పడేసే రబ్బరు బిళ్ళ మూత చేశాడు. ఆ తర్వాత చేసిందే అంచు ముడతలు పడ్డ రేకు మూత. లోపల పలచటి బిరడా బిళ్ళ. ముడతల అంచు సీసా మూతిని గట్టిగా పట్టుకుంటుంది, బిరడా సందు మూసేస్తుంది. చూడటానికి కిరీటంలా ఉందని క్రౌన్ కార్క్ అన్నారు. 1892 ఫిబ్రవరి 2న పేటెంట్ వచ్చింది, అదే ఏడు కంపెనీ కూడా మొదలైంది.

మూత చేస్తే సరిపోతుందా? అది పట్టాలంటే సీసాల మూతి కొలత మారాలి, బిగించే యంత్రం కావాలి, తీసే పనిముట్టు కావాలి. సీసాలు మార్చడానికి కంపెనీల వాళ్ళు వెనకాడారు. ఆయన ఓపిగ్గా ఒక్కొక్కటే చేసుకుంటూ పోయాడు. 1894లో ఓపెనర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. 1898లో కాలితో తొక్కి మూత బిగించే యంత్రం తెచ్చాడు. 1906 జూలై 15న బాల్టిమోర్‌లో ఆయన కన్నుమూసే నాటికి ఆ కంపెనీ ఫ్యాక్టరీలు జర్మనీ, ఫ్రాన్స్, జపాన్, బ్రెజిల్ దాకా పాకాయి.

ఇంకో ముచ్చట. ఆయన దగ్గర సేల్స్‌మన్‌గా పనిచేసిన ఒకాయనకు పెయింటర్ ఒక సలహా ఇచ్చాడు. జనం ఒకసారి వాడి పారేసి, మళ్ళీ కొనడానికి వచ్చే వస్తువేదైనా కనిపెట్టమని. ఆ సేల్స్‌మన్ కింగ్ జిల్లెట్. ఏళ్ళ తరబడి ఆలోచించి, పారేసే బ్లేడు తెచ్చాడు. ఆ తర్వాత కథ మనందరి చెత్తబుట్టల్లో ఉంది.

పెయింటర్‌ను తప్పు పట్టాలని లేదు. పారేసే మూత వల్లే సీసా శుభ్రంగా ఉంది, ఖర్చు తగ్గింది. రేకు మూత ఏదో ఒకనాటికి తుప్పై మట్టిలో కలుస్తుంది కూడా. ఆయన సలహా పట్టుకుని మనం ప్లాస్టిక్ దాకా వచ్చామే, అది కలవదు. ఇప్పుడు తిరుమల కొండమీద ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు నిషేధించి గాజు సీసాలు పెట్టారు. తాగి, ఖాళీ సీసా వెనక్కిస్తే కట్టిన డిపాజిట్ చేతికిస్తారు. అంటే నూటయాభై ఏళ్ళు తిరిగి, మళ్ళీ కాడ్ దారికే వచ్చామన్నమాట.

ప్రాజెక్టు రిపోర్టులో ఖర్చు రాశాం, సర్క్యూట్ రాశాం, ఫలితాలు రాశాం. మేం చేసిన డిటెక్టర్ పాడైపోయాక ఎక్కడికి పోతుందో రాయలేదు. సార్ కూడా అడగలేదు. ఆ బిరడా మూత మాత్రం ఇప్పుడు నా హాస్టల్ టేబుల్ మీదే ఉంది. వచ్చే ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడు ముందు దాన్నే చూస్తాను.